కాల్చిన గుమ్మడికాయ సూప్: రుచి పుట్టేది ట్రేలోనే

గుమ్మడికాయ సూప్ అంటే చప్పగా, పసిపిల్లలకు పెట్టే ఆహారంలా ఉంటుందని మొహం తిప్పుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లను తప్పుపట్టలేం. వాళ్లకు దొరికింది చాలావరకు ముక్కలు నీళ్లలో ఉడికించి, మిక్సీలో తిప్పి, పైన క్రీమ్ పోసిన సూప్ అయ్యుంటుంది. పచ్చి గుమ్మడిలో రకాన్ని బట్టి 85 నుంచి 92 శాతం దాకా నీరే ఉంటుంది. దాన్ని ఇంకో లీటరు నీళ్లలో ఉడికిస్తే ఉన్న కాస్త రుచీ పలచబడిపోతుంది. ఆపైన ఎన్ని మసాలాలు వేసినా మసాలా రుచి వస్తుంది, ఎంత క్రీమ్ పోసినా క్రీమ్ రుచి వస్తుంది. గుమ్మడి రుచి మాత్రం రాదు.

అదే కాయను ముందు ఓవెన్‌లో గట్టిగా కాల్చి, ఆ గుజ్జుతో సూప్ చేస్తే వ్యవహారం మారిపోతుంది. లోపలి నీరు చాలావరకు ఆవిరైపోతుంది, తీపి చిక్కబడుతుంది, అంచులు గోధుమ రంగుకు తిరిగి కమ్మటి వాసన వస్తుంది. నిజానికి ఈ సూప్‌లో అసలు వంట అంతా ట్రేలోనే అయిపోతుంది. స్టవ్ మీద గిన్నెలో జరిగేది కలపడం, రుచి సరిచూసుకోవడం మాత్రమే. మొత్తం గంటన్నర పడుతుంది కానీ అందులో మీరు నిలబడి చేసే పని అరగంటకు మించదు. మిగతాది ఓవెన్ పని.

నలుగురికి సరిపడా చేయాలంటే కిలో నుంచి 1.2 కిలోల గుమ్మడికాయ (తొక్క, గింజలతో కలిపి తూకం), ఒక పెద్ద ఉల్లిపాయ, ఒక వెల్లుల్లి గడ్డ, మూడు టేబుల్ స్పూన్ల నూనె, ఒక టేబుల్ స్పూను వెన్న, అంగుళం అల్లం ముక్క, అర టీస్పూను జీలకర్ర పొడి, ఉప్పు, మిరియాల పొడి, ఒక నిమ్మకాయ, 700 నుంచి 800 మిల్లీలీటర్ల కూరగాయల స్టాక్ (కూరగాయలు నీళ్లలో మరిగించి వడకట్టిన రసం) తీసుకోండి. స్టాక్ లేకపోతే కంగారు పడకండి, అది ఎలా చేసుకోవాలో కింద చెప్తాను. క్రీమ్ గానీ కొబ్బరి పాలు గానీ 100 మిల్లీలీటర్లు ఉంటే వేయొచ్చు, లేకపోయినా లోటేమీ ఉండదు.

కాయ ఎంచుకోవడం

సూప్‌కి కావలసింది తీగ మీదే పూర్తిగా ముదిరి, తొక్క గట్టిపడ్డ కాయ. ఇంగ్లీషులో వీటిని వింటర్ స్క్వాష్ అంటారు. చలికాలంలో కాస్తాయని కాదు, కోశాక చలికాలం అంతా నిలవ ఉంటాయని. లేతగా ఉన్నప్పుడే కోసే జుకినీ లాంటివి వేరే కోవ. వాటి తొక్క పలచగా, లోపల నీరు ఎక్కువగా ఉంటుంది. కాలిస్తే మెత్తబడి నీళ్లు వదులుతాయే గానీ చిక్కటి గుజ్జు ఇవ్వవు. బూడిద గుమ్మడి కూడా దీనికి పనికిరాదు. పేరులో గుమ్మడి ఉన్నా అది వేరే జాతి, అందులోనూ దాదాపు అంతా నీరే.

మనం వండుకునే స్క్వాష్ రకాలన్నీ దాదాపుగా కుకుర్బిటా అనే ఒకే ప్రజాతివి. మెక్సికోలో సుమారు 10,000 ఏళ్ల కిందటే వీటి సాగు మొదలైందని అక్కడి గుహలో దొరికిన గింజల వల్ల తెలిసింది. ఆ ప్రజాతిలో వంటకు ముఖ్యమైనవి మూడు జాతులు: మోస్కాటా, మాక్సిమా, పెపో. ఈ పేర్లు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు గానీ, ఏ కాయ ఏ జాతిదో తెలిస్తే సూప్ ఎలా వస్తుందో ముందే ఊహించుకోవచ్చు.

పొడుగు మెడతో లేత గోధుమ రంగులో ఉండే బటర్‌నట్ మోస్కాటా జాతిది. 1940ల్లో మసాచుసెట్స్‌లో చార్లెస్ లెగెట్ అనే ఆయన దీన్ని తయారు చేశారు. సూప్‌కి నా ఓటు దీనికే. మెడ భాగం అంతా గింజల్లేని గట్టి కండ, పీచు తక్కువ, తొక్క మరీ మందం కాదు, గుజ్జు నున్నగా మెదుగుతుంది. మొదటిసారి చేసేవాళ్లు కళ్లు మూసుకుని దీన్నే తీసుకోవచ్చు.

ముదురాకుపచ్చ తొక్కతో గుండ్రంగా ఉండే కబోచా, నారింజ రంగు రెడ్ కూరి మాక్సిమా జాతివి. వీటిలో పిండి పదార్థం ఎక్కువ, నీరు తక్కువ. కాల్చిన కబోచా ముక్క తింటే ఉడికిన చిలగడదుంపలా పొడిపొడిగా ఉంటుంది. దీంతో చేసిన సూప్ చాలా చిక్కగా వస్తుంది కాబట్టి స్టాక్ ఇంకో 150 మిల్లీలీటర్లు ఎక్కువ పట్టేస్తుంది. ఏకార్న్, డెలికాటా పెపో జాతివి. ఇవి కాల్చుకుని అలాగే తినడానికి బాగుంటాయి. సూప్‌కి మాత్రం వీటి రుచి కాస్త తేలిక, ఏకార్న్‌లో పీచు కూడా ఎక్కువే. స్పఘెట్టి స్క్వాష్ జోలికి అసలు వెళ్లకండి, అది నూడుల్స్‌లా పోగులు పోగులుగా విడిపోతుంది. ముఖాలు చెక్కి అలంకరణకు పెట్టే భారీ కాయలూ అంతే. సైజు కోసం పెంచినవి అవి, రుచి కోసం కాదు.

మార్కెట్‌లో కాయ చేతిలోకి తీసుకుని చూడండి. సైజుకి తగ్గట్టు కాదు, సైజుకి మించి బరువుండాలి. తొక్క నిగనిగలాడుతుంటే అది పూర్తిగా ముదరలేదని అర్థం. ముదిరిన కాయ తొక్క మెరుపు తగ్గి కాస్త మసకగా కనిపిస్తుంది. గోరు గుచ్చితే దిగకూడదు. తొడిమ ఎండిపోయి, గట్టిగా, ఊడకుండా ఉండాలి. తొడిమ విరిగిపోయిన చోటు నుంచే కుళ్లు మొదలవుతుంది. నేల మీద ఆనుకున్న చోట ఒకవైపు పసుపు మచ్చ ఉంటే అది దోషం కాదు. మెత్తటి మచ్చలు మాత్రం దోషమే.

అప్పుడే కోసిన కాయ కంటే కొన్నాళ్లు నిలవున్న కాయ తియ్యగా ఉంటుంది. కోశాక లోపలి పిండి పదార్థం మెల్లగా చక్కెరగా మారుతూ ఉంటుంది. కబోచాలో ఈ తేడా బాగా తెలుస్తుంది, కోత తర్వాత కొన్ని వారాలు ఆగితేనే దాని అసలు రుచి బయటపడుతుంది. కాబట్టి సీజన్ మొదట్లో కొన్న కాయను చల్లగా, గాలి తగిలే చోట పెట్టి కాస్త ఓపిక పట్టండి. 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర బటర్‌నట్ రెండు మూడు నెలలు హాయిగా నిలుస్తుంది. కోయని కాయను ఫ్రిజ్‌లో పెట్టకండి, అంత చలికి దాని కండ దెబ్బతింటుంది.

కోయడం

వంట మొత్తంలో జాగ్రత్త అవసరమైన చోటు ఇదే. గుండ్రటి కాయ, గట్టి తొక్క, పైనుంచి బలం పెట్టి నొక్కే కత్తి: వేలు తెగడానికి ఇంతకంటే ఏం కావాలి? బోర్డు కింద తడి గుడ్డ పరిస్తే అది జారదు. కత్తి పెద్దదిగా, పదునుగా ఉండాలి. మొద్దు కత్తికి బలం ఎక్కువ పెట్టాల్సి వస్తుంది, అది పక్కకు జారేది కూడా అప్పుడే.

ముందు కాయ పైన, కింద ఒక్కో సెంటీమీటరు మందాన కోసేయండి. ఇప్పుడది రెండు వైపులా చదునుగా ఉంటుంది కాబట్టి బోర్డు మీద కదలకుండా నిలబడుతుంది. బటర్‌నట్ అయితే మెడ, పొట్ట కలిసే చోట అడ్డంగా కోసి రెండు భాగాలు చేయండి, పని సులువవుతుంది. తర్వాత ఒక్కో భాగాన్ని నిలబెట్టి నిలువుగా చీల్చండి. కత్తి మధ్యలో ఇరుక్కుంటే ఊపి లాగొద్దు. కాయను, కత్తిని కలిపే కొద్దిగా పైకెత్తి బోర్డు మీద తట్టుకుంటూ దింపండి.

అయినా తెగనంత గట్టిగా ఉంటే, తొక్కకు నాలుగైదు చోట్ల కత్తి మొనతో లోతుగా గుచ్చి, కాయను మైక్రోవేవ్‌లో రెండు మూడు నిమిషాలు పెట్టండి. తొక్క మెత్తబడుతుంది. గుచ్చడం మర్చిపోతే లోపలి ఆవిరికి కాయ పగిలే ప్రమాదం ఉంది.

తొక్క తీయాలా? అక్కర్లేదు. పచ్చి గుమ్మడి తొక్క తీయడం చేతులకు శిక్ష. పైగా బటర్‌నట్ చెక్కేటప్పుడు వచ్చే జిగురు కొంతమంది చర్మానికి పడదు, చేతులు బిగుసుకుపోయి పొరలు లేస్తాయి. కాలాక ఆ తొక్క దానంతట అదే వదులుతుంది. తొక్క తీసిన ముక్కలే కావాలనుకుంటే చేతులకు గ్లవ్స్ వేసుకోండి.

గింజలు, పీచు చెంచాతో గీకి తీయండి. అంచు పదునుగా ఉండే చెంచా అయితే ఇంకా సులువు. తీసింది చెత్తలో వేయకుండా ఒక గిన్నెలో పెట్టండి, దాంతో పనుంది.

కాల్చడం

గుమ్మడిని రెండు చెక్కలుగా చీల్చి బోర్లించి కాల్చడం అందరికీ తెలిసిన పద్ధతి. ఎక్కువ మంది చేసేదీ అదే. తేలికైన పనే, కానీ అలా చేస్తే లోపలి కండ తన ఆవిరిలోనే ఉడుకుతుంది. ట్రేకి ఆనిన అంచు ఒక్కటే రంగు తిరుగుతుంది. ఇంకో పద్ధతి తొక్క తీసి చిన్న ముక్కలుగా కోసి కాల్చడం. రంగు బాగా వస్తుంది కానీ తొక్క తీసే శ్రమ, పైగా చిన్న ముక్కలు త్వరగా ఎండిపోతాయి. నేను చెప్పేది ఈ రెంటికీ మధ్యది: తొక్కతోనే, సుమారు నాలుగు సెంటీమీటర్ల మందాన పొడుగాటి బద్దలుగా కోయండి. ఒక్కో బద్దకు రెండు కోసిన ముఖాలు ఉంటాయి, రెండూ ట్రే వేడికి తగులుతాయి, తొక్క మాత్రం కండను ఎండిపోకుండా కాపాడుతుంది.

ఓవెన్‌ని 210 డిగ్రీల సెల్సియస్‌కు ముందే వేడి చేయండి. ఫ్యాన్ తిరిగే ఓవెన్ అయితే 190 చాలు. ఇంత వేడి ఎందుకంటారా? ముక్క పైభాగం 140 డిగ్రీలు దాటాక అందులోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి కొత్త రుచులను, వాసనలను, గోధుమ రంగును పుట్టిస్తాయి. దీన్నే మెయిలార్డ్ చర్య అంటారు. ఆపైన ఇంకా వేడెక్కితే చక్కెరలు కూడా మాడీ మాడనట్టు రంగు తిరుగుతాయి. నీళ్లలో ఉడికే ముక్క ఎంతసేపున్నా 100 డిగ్రీలు దాటదు. ఉడికించిన సూప్‌కి, కాల్చిన సూప్‌కి అంత తేడా ఉండటానికి కారణం ఇదే. ఓవెన్‌లో కూడా ముక్క పైన తడి ఆరేదాకా ఇది మొదలవ్వదు. అందుకే కాల్చడంలో మనం చేసేదల్లా ఆ తడిని త్వరగా వదిలించడం.

బద్దలను పెద్ద గిన్నెలో వేసి రెండు టేబుల్ స్పూన్ల నూనె, ఒక టీస్పూను ఉప్పు వేసి చేత్తో బాగా కలపండి. నూనె ప్రతి కోసిన ముఖానికీ అంటాలి. పలచటి పొర చాలు, కారేంత వద్దు. గుమ్మడికి ఆ నారింజ రంగునిచ్చే బీటా కెరోటిన్ కొవ్వులో కరిగే పదార్థం కాబట్టి, ఈ నూనె ఒంటికి కూడా మేలే చేస్తుంది. మిరియాలు, జీలకర్ర పొడి, ఎండు ఆకులు లాంటివి ఇప్పుడే చల్లకండి. ముప్పావు గంట ఆ వేడిలో ఉంటే మాడి చేదెక్కుతాయి. వాటి సమయం తర్వాత వస్తుంది.

ట్రే మీద బద్దల మధ్య వేలు పట్టేంత ఖాళీ ఉండాలి. ఇరుకుగా పేరిస్తే ఒకదాని ఆవిరిలో ఇంకొకటి ఉడుకుతుంది, 210 డిగ్రీల ఓవెన్ కూడా ఉడికించే గిన్నె అయిపోతుంది. ఒక ట్రే చాలకపోతే రెండు ట్రేలు వాడండి, సగంలో వాటి స్థానాలు మార్చండి.

ఉల్లిపాయను ఎనిమిది పెద్ద ముక్కలుగా కోసి, మొదలు దగ్గర విడిపోకుండా ఉంచి, కాస్త నూనె రాసి అదే ట్రేలో పెట్టండి. పలచటి ముక్కలైతే గుమ్మడి కాలే లోపు బొగ్గవుతాయి. వెల్లుల్లి గడ్డ పైభాగం అర సెంటీమీటరు కోసి రెబ్బల మొనలు కనబడేలా చేసి, రెండు చుక్కల నూనె వేసి, అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి ట్రే మూలన ఉంచండి. పచ్చి వెల్లుల్లి ఘాటు ఈ సూప్‌కి నప్పదు. కాల్చిన వెల్లుల్లి తియ్యగా, వెన్నలా మారుతుంది. గడ్డ మొత్తం వేయమంటే కొంతమంది జంకుతారు గానీ, ఇలా కాలాక అది ఏ మాత్రం ఎక్కువ అనిపించదు.

25 నిమిషాలయ్యాక తీసి బద్దలను రెండో ముఖం మీదికి తిప్పండి. తిప్పబోతే ట్రేకి అంటుకుని రాకపోతే ఇంకా రంగు పట్టలేదని లెక్క, మరో ఐదు నిమిషాలు ఆగండి. తిప్పాక ఇంకో 15 నుంచి 20 నిమిషాలు. ఫోర్క్ గుచ్చితే అడ్డు లేకుండా దిగిపోవాలి. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. మీరు ఆపకండి. మెత్తబడటం ఒకటి, కాలడం ఇంకొకటి. కోసిన ముఖాలు మచ్చలు మచ్చలుగా ముదురు గోధుమ రంగుకు వచ్చి, అంచులు కాస్త ముడుచుకుని, వంటిల్లంతా కమ్మటి వాసన నిండేదాకా మరో ఐదు పది నిమిషాలు ఉండనివ్వండి. ఒకటి రెండు అంచులు నల్లబడితే వాటిని గిల్లి పారేయండి, మిగతాదానికేం కాదు.

కాస్త చల్లారాక ఒక చిన్న ముక్క తిని చూడండి. ఇది రుచి కోసమే కాదు. అరుదుగానైనా కొన్ని కాయలు విపరీతమైన చేదుగా ఉంటాయి, ముఖ్యంగా ఇంట్లో దాచిన గింజలు అలంకరణ కాయలతో సంకరమై మొలిచినప్పుడు. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే పదార్థానిది. వండినా పోదు. తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. నాలుక మీద చేదు తగిలితే ఆ ముక్క ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి. క్రీమ్‌తోనో తీపితోనో దాన్ని కప్పిపుచ్చే ప్రయత్నం చేయొద్దు.

ఓవెన్ లేకపోతే

ఎయిర్ ఫ్రయర్ ఈ పనికి బాగా పనికొస్తుంది. మూడు సెంటీమీటర్ల ముక్కలు 190 డిగ్రీల దగ్గర 20 నుంచి 25 నిమిషాల్లో కాలిపోతాయి, మధ్యలో ఒకసారి కదపాలి. బుట్ట చిన్నది కాబట్టి రెండు విడతలుగా చేయండి. అది కూడా లేకపోతే మందపాటి అడుగున్న బాణలిలో నూనె వేసి, ముక్కలు ఒకే వరుసలో పేర్చి, మధ్యస్థం కంటే కాస్త ఎక్కువ మంట మీద కదపకుండా రంగు రానివ్వండి. రెండు వైపులా ఎర్రబడ్డాక మంట తగ్గించి మూతపెడితే లోపల మెత్తబడుతుంది. మామూలు మైక్రోవేవ్‌లో మాత్రం గుమ్మడి ఉడుకుతుందే గానీ కాలదు.

గింజలు, పీచుతో స్టాక్

గుమ్మడి కాలుతున్న సమయంలో స్టాక్ పెట్టేయండి. తీసిన పీచును గింజల్లోంచి విడదీసి ఒక గిన్నెలో వేసి, లీటరు నీళ్లు, ఒక క్యారెట్, ఉల్లిపాయ చివరలు, నాలుగు మిరియాలు వేసి సన్నటి సెగ మీద అరగంట మరగనివ్వండి. వడకడితే లేత పసుపు రంగులో, గుమ్మడి వాసనతో స్టాక్ వస్తుంది. గుమ్మడి వాసన కండలో కంటే ఆ పీచులోనే ఎక్కువ అనిపిస్తుంది నాకు. బయట దొరికే స్టాక్ క్యూబుల కంటే ఈ సూప్‌కి ఇదే నప్పుతుంది. క్యూబులే వాడితే వాటిలో ఉప్పు బాగా ఉంటుంది కాబట్టి, విడిగా ఉప్పు వేసే ముందు రుచి చూడండి.

గింజలను కడిగి, ఉప్పు నీళ్లలో పది నిమిషాలు ఉడికించి, గుడ్డ మీద బాగా ఆరబెట్టండి. ఓవెన్‌లోంచి గుమ్మడి తీశాక వేడి 160 డిగ్రీలకు తగ్గించి, చెంచాడు నూనె పట్టించిన గింజలను ఒకే పొరగా పరిచి 20 నిమిషాలు ఉంచితే కరకరలాడతాయి. చివరి ఐదు నిమిషాలు కన్నేసి ఉంచండి, ఇవి మాడటానికి ఎంతో సేపు పట్టదు.

గిన్నెలోకి

చల్లారిన బద్దల నుంచి చెంచాతో గుజ్జు గీకితే తొక్క పలచగా మిగిలిపోతుంది. గుజ్జు 600 నుంచి 700 గ్రాముల మధ్య రావాలి. స్టాక్ ఎంత పోయాలన్నది దీన్ని బట్టే. గుజ్జు ఎంత తూగితే దాదాపు అంతే స్టాక్ అనుకుంటే ఎప్పుడూ తప్పు పోదు.

ట్రేకి అంటుకున్న గోధుమ రంగు మరకలను కడిగి పారేయకండి. అందులోనే సగం రుచి ఉంది. ట్రే స్టీలుదో ఇనుముదో అయితే, అర కప్పు వేడి స్టాక్ పోసి చెక్క గరిటెతో గీకి, ఆ రసం గిన్నెలోకి ఒంపండి. గాజు ట్రే అయితే పూర్తిగా చల్లారాకే ఈ పని చేయాలి, లేకపోతే పగిలిపోవచ్చు. బాగా నల్లగా మాడిన చోట్ల మాత్రం గీకొద్దు.

లోతైన గిన్నెలో వెన్న కరిగించి, సన్నగా తరిగిన అల్లం వేసి నిమిషం వేయించండి. జీలకర్ర పొడి, కాస్త మిరియాల పొడి వేసి అరనిమిషం కలపండి, వాసన రాగానే గుమ్మడి గుజ్జు, కాల్చిన ఉల్లిపాయ, గడ్డ నుంచి పిండిన వెల్లుల్లి గుజ్జు వేయండి. 600 మిల్లీలీటర్ల స్టాక్ పోసి, మరుగు వచ్చాక సెగ తగ్గించి పది నిమిషాలు ఉంచండి. అన్నీ ముందే ఉడికినవే కాబట్టి ఇంతకంటే ఎక్కువసేపు అవసరం లేదు. ఈ పది నిమిషాలూ రుచులు ఒకదానికొకటి పట్టడానికే.

మెదపడం

హ్యాండ్ బ్లెండర్ ఉంటే గిన్నెలోనే పని అయిపోతుంది. స్టవ్ ఆపి, బ్లేడు పూర్తిగా మునిగేలా పెట్టి తిప్పండి. కానీ మిక్సీ జార్‌లోనో బ్లెండర్‌లోనో వచ్చేంత నునుపు దానితో రాదు, ఇది ఒప్పుకోవాల్సిందే.

మిక్సీలో వేడి సూప్ వేసేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్త. మూత బిగించి తిప్పగానే లోపల ఆవిరి ఒక్కసారిగా పెరిగి మూతను ఎగరగొడుతుంది, మరిగే సూప్ ముఖం మీదే పడుతుంది. వీలైతే అరగంట చల్లారనివ్వండి. జార్‌లో మూడో వంతుకు మించి పోయకండి. మూతకు మధ్యలో చిన్న బిళ్ల మూత ఉంటే అది తీసి, ఆ చోట మడత పెట్టిన గుడ్డ అదిమి పట్టుకోండి. అతి తక్కువ స్పీడులో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. అలాంటి బిళ్ల మూత లేని జార్ అయితే పూర్తిగా చల్లారాకే తిప్పాలి.

పది సెకన్లు తిప్పి ఆపకండి. పూర్తిగా రెండు నిమిషాలు తిరిగితేనే పీచు నలిగి, నూనె, వెన్న గుజ్జులో కలిసిపోయి సూప్‌కి ఒక మెరుపు వస్తుంది. అప్పటికీ నాలుకకు గరుకుగా తగిలితే జల్లెడలో పోసి గరిటెతో అదమండి.

సరిచూసుకోవడం

సూప్‌ని మళ్లీ గిన్నెలో పోసి సన్నటి సెగ మీద పెట్టండి. ముందు చిక్కదనం చూడండి. గరిటె వెనకవైపు సూప్ పట్టుకుని ఉండాలి, దాని మీద వేలితో గీత గీస్తే గీత అలాగే నిలవాలి. చిక్కగా అనిపిస్తే మిగిలిన స్టాక్ కొద్దికొద్దిగా పోయండి. గుమ్మడిలోని పిండి పదార్థం వల్ల చల్లారేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది, కాబట్టి స్టవ్ మీద ఉన్నప్పుడు మీకు కావలసినదానికంటే కొంచెం పలచగా ఉంచండి. పలచన ఎక్కువైతే మూత తీసి పది నిమిషాలు మరగనివ్వడం ఒక్కటే మంచి మార్గం. మొక్కజొన్న పిండి కలిపితే చిక్కబడుతుంది కానీ ఆ జిగట ఈ సూప్‌కి అక్కర్లేదు.

ఇక రుచి. ఉప్పు చిటికెడు చిటికెడుగా వేసి, వేసిన ప్రతిసారీ కలిపి చూడండి. ఒక దశలో ఉప్పు సరిపోయిందనిపిస్తుంది, అయినా ఏదో తక్కువైనట్టే ఉంటుంది. అక్కడే చాలామంది ఇంకాస్త ఉప్పో, ఇంకో మసాలానో వేసేస్తారు. తక్కువైంది పులుపు. గుమ్మడి, ఉల్లి, వెల్లుల్లి మూడూ కాలి తియ్యగా మారాయి, పైన వెన్న. వీటన్నిటికీ ఎదురు నిలిచేది ఏదో ఒకటి ఉండాలి. స్టవ్ ఆపి ఒక టీస్పూను నిమ్మరసం పిండి చూడండి. నమ్మకం కుదరకపోతే చిన్న గిన్నెలో కొంచెం సూప్ తీసుకుని రెండు చుక్కలు వేసి, గిన్నెలోనిదీ దీనిదీ రుచి పోల్చి చూసుకోండి. ఒకటిన్నర రెండు టీస్పూన్ల దగ్గర సాధారణంగా సరిపోతుంది. సూప్ పుల్లగా అనిపించకూడదు, గుమ్మడి రుచి స్పష్టంగా తెలియాలి, అంతే. నిమ్మ బదులు యాపిల్ సైడర్ వెనిగర్ కూడా బాగుంటుంది.

క్రీమ్ వేసేవాళ్లు నిమ్మరసానికి ముందే, సన్నటి సెగ మీద వేసి కలపండి. క్రీమ్‌లో కొవ్వు ఎక్కువ కాబట్టి పులుపుకి అంత తేలిగ్గా విరగదు. పాలు అలా కాదు, వేడి, పులుపు కలిస్తే విరిగి పలుకులు తేలతాయి. కొబ్బరి పాలు వేస్తే జీలకర్ర తగ్గించి అల్లం రెట్టింపు చేయండి, అది పూర్తిగా వేరే సూప్ అవుతుంది, నాకు క్రీమ్ దానికంటే ఇదే ఇష్టం. తీపి, పులుపు రెండూ కాయతోనే రావాలనుకుంటే, గింజలు తీసిన ఒక పుల్ల యాపిల్‌ని సగానికి కోసి చివరి 25 నిమిషాలు అదే ట్రేలో కాల్చి, తొక్క తీసి గుజ్జుతో కలపండి. పంచదార మాత్రం వేయొద్దు. సరిగ్గా కాలిన గుమ్మడికి దాని అవసరం పడదు, సరిగ్గా కాలని గుమ్మడిని అది కాపాడలేదు.

ఉప్పు ఎక్కువైతే బంగాళాదుంప ముక్క వేస్తే పీల్చేస్తుందనే మాట నమ్మకండి. దుంప ఉప్పుతో పాటు నీటినీ పీలుస్తుంది కాబట్టి మిగిలిన సూప్ అంతే ఉప్పగా ఉంటుంది. ఉప్పు లేని గుజ్జో, స్టాకో, నీళ్లో కలిపి పరిమాణం పెంచడమే దారి. తీపి ఎక్కువైందనిపిస్తే నిమ్మరసం, చిటికెడు ఎండుమిర్చి పొడి కలిపి చూడండి.

వడ్డించేటప్పుడు పైన కరకరలాడే గింజలు, కొన్ని చుక్కల మంచి నూనె, తాజాగా దంచిన మిరియాలు చాలు. నున్నటి సూప్‌కి పంటి కింద ఏదో ఒకటి తగలాలి, ఆ పని గింజలు చేస్తాయి. ఇంకాస్త హంగు కావాలంటే రెండు చెంచాల వెన్నను చిన్న గిన్నెలో నురుగు తగ్గి గోధుమ రంగు వచ్చేదాకా కాచి, దొరికితే సేజ్ అనే సువాసన మొక్క ఆకులు నాలుగు అందులో కరకరలాడించి పైన పోయండి.

నిలవ

మిగిలిన సూప్‌ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. పెద్ద గిన్నె అలాగే పెడితే మధ్యలో చాలాసేపు వేడిగానే ఉండిపోతుంది, కాబట్టి లోతు తక్కువున్న డబ్బాల్లోకి మార్చి పెట్టండి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటుంది, రెండో రోజు రుచి ఇంకా బాగుంటుంది. మళ్లీ వేడి చేసేటప్పుడు బాగా పొగలు కక్కేదాకా కాచి, చిక్కబడితే కొంచెం నీళ్లు కలపండి.

ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు దాచుకోవచ్చు. అలా దాచే ఉద్దేశం ఉంటే క్రీమ్ కలపకముందే కొంత విడిగా తీసి పెట్టుకోండి, గడ్డకట్టి కరిగాక క్రీమ్ విరిగినట్టు కనిపిస్తుంది. గడ్డకట్టినప్పుడు సూప్ ఉబ్బుతుంది కాబట్టి డబ్బా పైన రెండు సెంటీమీటర్ల ఖాళీ వదలండి. సీజన్‌లో కాయలు ఎక్కువ దొరికితే సూప్ చేయకుండా కాల్చిన గుజ్జునే అరకిలో చొప్పున సంచుల్లో పలచగా పరిచి ఫ్రీజ్ చేయడం ఇంకా మంచిది, చోటు తక్కువ పడుతుంది, త్వరగా కరుగుతుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన సూప్ కరిగాక నీళ్లు, గుజ్జు విడిపోయినట్టు కనిపిస్తే కంగారు పడకండి. వేడి చేసి బ్లెండర్‌తో మరో నిమిషం తిప్పి, నిమ్మరసం కొత్తగా కొద్దిగా పిండితే సరిపోతుంది.